లాడ్జి సెంటర్లో దింపుడు కళ్ళం

పడుకున్న మనిషి పట్టే లిఫ్టు కాదు మాది.
ఆరుగురికి, నాలుగొందల ఎనిమిది కిలోలకి అని రాసుంటుంది,
అందరూ నిలబడే ఉంటారన్న ధీమాతో.

వాచ్‌మన్ ఏడుకొండలు తలవైపు, తమ్ముడు కాళ్ళవైపు
మూడో అంతస్తు మెట్ల మీదుగా
తిరపతమ్మత్తని ఏటవాలుగా దించారు.
మలుపు మలుపుకీ జాగ్రత్త, జాగ్రత్త అనుకున్నారు
ఇంకా దెబ్బ తగులుతుందన్నట్టు.

రాత్రంతా ఫ్రీజర్ పెట్టె ఒక్కటే గొంతు విప్పి ఏడ్చింది.
మేమంతా ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకున్నాం.
అసోసియేషన్ సెక్రటరీ గారొచ్చి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి,
పదింటిలోపు అయిపోతుంది కదమ్మా అని మెల్లగా అడిగారు.
పిల్లల పరీక్షల రోజులు. ఆయన తప్పేం లేదు.

అత్త మిర్చి యార్డులో తొడిమలు తీసేది.
పగలంతా వేళ్ళకి మంట,
సాయంత్రం ఎవరింట్లో చావైనా గొంతుకి పని.
"కన్నీళ్ళదేముందే, కాయ విరిస్తే వస్తాయి.
ఏడవాలంటే మాత్రం మనిషి తెలియాలి" అనేది.
పోయినవాడి ఊరు కనుక్కునేది, ఎద్దుల పేర్లు కనుక్కునేది,
ఇష్టంగా తిన్న కూర, తీర్చకుండా పోయిన బాకీ.
అప్పుడు రొమ్ము మీద చెయ్యేసి ఎత్తుకుంటే
ఆ బాకీ ఇచ్చినవాడే తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకునేవాడు.

మా నాన్న పోయినప్పుడు
"పొన్నూరు బస్సు కిటికీలోంచి తువ్వాలేసి
నాకు సీటాపిన నా అన్నా" అని అందుకుంది.
నాకు పందొమ్మిదేళ్ళు. క్లాసువాళ్ళొచ్చారు, లెక్చరర్ వచ్చాడు.
నేనే వెళ్ళి చెవిలో అన్నాను:
ఆపత్తా, అందరూ చూస్తున్నారు.
ఆపింది.
కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

పదో రోజు తెల్లారకముందే
అమ్మకి నిండుగా గాజులు తొడిగి, పసుపు పూసి, పూలు పెట్టి
పగలగొట్టడానికి పెరట్లోకి లేవదీశారు.
అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.
"నాకు పగలగొట్టారుగా, ఆయనేమన్నా తిరిగొచ్చాడా?"
మణికట్టు చాపి మచ్చ చూపించింది.
"ఏడుపంటారా, తెల్లార్లూ నేనేడుస్తా.
దాని గాజుల జోలికి రాకండి."

తొడిమ ఎక్కడ విరవాలో తెలిసిన చెయ్యి.

నిన్న తులసి నీళ్ళు పోసింది అమ్మే.
గ్లాసు అంచుకి ఆకుపచ్చ గాజు తగిలి
టింగుమంది.

ఇప్పుడు అత్తకి పాడె లేదు, వైకుంఠ రథం.
ఆడవాళ్ళు ఎక్కకూడదని ఎవరూ అనలేదు.
అనేవాళ్ళందరూ ఆవిడకన్నా ముందే పోయారు.
దోవలో ఎక్కడో దించాలి, మూడుసార్లు పిలవాలి,
ప్రాణం ఏ మూలో అంటుకుని ఉంటే లేస్తుందని.
ఎక్కడ దించడం? బ్రాడీపేట నుంచి కొరిటెపాడు దాకా
అడుగు ఖాళీ ఉంటే అక్కడో బండి పెట్టి ఉంది.

లాడ్జి సెంటర్లో ఎర్రలైటు పడింది.
డెబ్భై నాలుగు. డెబ్భై మూడు.
తమ్ముడు నావైపు చూశాడు. వాడికి నోరు పెగల్లేదు.
నేను వంగాను.
అప్పుడు ఆపమన్నది ఈ చెవిలోనే.

అత్తా అన్నాను.
నలభై ఒకటి.
తిరపతమ్మత్తా అన్నాను.
మూడోసారి పిలుపు పిలుపులా రాలేదు.
"మిరప మంటల చేతుల అత్తా,
మా అమ్మ గాజులు కాసిన అత్తా" అంటూ ఏదో సాగింది,
నాకు రాని రాగం, మధ్యలో ఎక్కడో తప్పింది కూడా.
పక్క ఆటో అతను ఇంజను కట్టేశాడు.
స్కూటీ మీద పిల్ల హెల్మెట్ అద్దం పైకెత్తింది.

పచ్చలైటు. వెనక హారన్లు.
ఠక్కున నోరు మూసుకున్నాను, అలవాటు కదా.

డ్రైవర్ గేరేస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:
"కానివ్వండమ్మా.
ముందు ఇంకో సిగ్నలుంది."