ఎడమ మూల

దేవరకొండ కాలేజీ గ్రౌండుల
సున్నం గీతలు ఇంకా తడారలే.
మైకు పెట్టె పక్కన నేను, నా స్కోరు పుస్తకం.
నా పక్కన మల్సూరన్న,
కుర్చీల కూసున్నా ఎడమ కాలు చాపుకొనే ఉంటడు.

ఇరవై రెండేండ్లు ఎడమ మూల ఆయనదే.
డిపోల పగలంతా బస్సుల కింద బోల్టులు బిగించి
పొద్దుగూకంగ వచ్చి చీలమండలు బిగించేటోడు.
కూతకొచ్చినోని కండ్లు చూడొద్దురా, అనేటోడు,
కండ్లు ఎటో చూపిచ్చి ఎటో పోతయి,
మడిమకు అబద్ధం రాదు.

కూత పెట్టేటోనికి ఊరంత నోరు.
పట్టేటోడు ఊపిరి బిగబట్టాలె.
జనం భుజాల మీదికి ఎత్తుకున్నది ఎన్నడూ కూతగాళ్లనే.
దుమ్ము అణిగినంక
మల్సూరన్న తన చెప్పులు తనే ఎతుక్కునేటోడు.

జడ్చర్ల ఫైనల్ల ఆఖరి పట్టు ఆయనదే.
తెల్లారి పేపర్ల ఫోటో వచ్చింది:
కూతగాని మొఖం, తెరిచిన నోరు,
కింద అంచుల చీలమండకు చుట్టుకున్న రెండు చేతులు.
ఆ చేతులంత ముక్క కత్తిరించి
పానాల పెట్టెల దాసుకున్నడు.

నా పుస్తకంల కూడా అంతే.
కూతకు పాయింటొస్తే పేరు రాసేటోణ్ణి.
పట్టుకు వస్తే ఒక గీత.
అట్ల రాయమని ఎవరూ చెప్పలే.
గడి చిన్నగుండె, నాకు తొందరుండె.

మోకాలు పోయిన ఏడు
నల్గొండ డాక్టరు ఆట వల్ల అన్నడు,
హైదరాబాదు డాక్టరు మర్రిగూడ నీళ్ల వల్ల అన్నడు.
"ఇద్దరు కలిసి పట్టిండ్రు,
నన్ను పడగొట్టుడు ఒక్కనితోని అయ్యేదా" అని
మల్సూరన్న నవ్విండు.

ఆ తర్వాతనే కేబులు టీవోళ్లు మైకు ఇచ్చింది.
తొలినాడు మిర్యాలగూడల
విజిలేసిండ్రు, కూత మొదలైంది,
మైకుల చప్పుడు లేదు.
ఆపరేటరు వైరు పీకి మళ్ల గుచ్చిండు.
తిరిగి చూస్తే
దవడ బిగించి, రెప్ప ఆపి,
మైకును రెండు చేతుల్ల
చీలమండ లెక్క పట్టుకొని ఉన్నడు.
కూతగాడు గీత దాటి పోయినంక
ఒక్క పెద్ద ఊపిరి.
ఇండ్లల్ల టీవీలన్నీ ఒక్కపారి నిట్టూర్చినయట.

ఇప్పుడు మాటలకు కొదువ లేదు.
కెమెరా కూతగాని ఎంట ఉరుకుతుంటె
ఈయన గొంతు మాత్రం ఎనుకనే ఆగిపోతది:
"ఆ ఎడమ మూల పిలగాణ్ణి సూడుండ్రి,
ఇస్లావత్ శక్రు, చందంపేట దిక్కు తండా,
బొటనేలు మీద బరువేసిండు,
ఇగ దుంకుతడు, ఇగ..."

దుంకిండు.
పడ్డోని కంటె ముందు పట్టినోని పేరు
డిండి రోడ్డు మలుపు దాక ఇనబడ్డది.

సగం ఆట అయినంక చాయ్ తాగుకుంట
మైకు మీద అరచేయి మూసి అడిగిండు:
"నేను మొత్తం ఎన్ని పట్టిన్నో
నీ పుస్తకాలల్ల దొరుకుతదా?"

బియ్యం సంచిల కట్టి అటుక మీద ఉన్నయి, పద్దెనిమిది.
గీతలు లెక్కపెట్టొచ్చు.
ఏ గీత ఆయనదో

విజిలేసిండ్రు.
పెన్ను మూత తీసిన.
గడి ఇంకా అంతే చిన్నగుంది.
ఇస్లావత్ శక్రు అని
పక్క గడిలకు పోయినా సరే అని రాసిన.
మల్సూరన్న చూడలే.
అప్పటికే ఊపిరి బిగబట్టి ఉన్నడు.