మాబెల్ అనే పుంజు

పిల్లగా ఉన్నప్పుడు పెట్టే అనుకున్నాం.
పక్కింటి ఫిన్, ఏడేళ్ళవాడు, మాబెల్ అని పేరు పెట్టాడు.
ఏప్రిల్లో ఒక పొద్దున రేకుల షెడ్డు వెనక
తుప్పుపట్టిన గేటు తీసినట్టు ఒక కూత.
అప్పటికే ఆ పేరు నోటికి అతుక్కుపోయింది.

జూన్‌కల్లా తురాయి ఎర్రబడింది.
హ్యూవన్ లోయలో ఆపిల్ మోళ్ళన్నీ మంచు పట్టి నిలబడితే
వీడి నల్లటి వీపు మీద మాత్రం ఆకుపచ్చ మెరుపు.
ఒక రెక్క నేలకు జార్చి, పక్కవాటుగా అడుగులేస్తూ
నా గంబూట్ల చుట్టూ అరవృత్తం గీసేవాడు.
సరసమేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.
కొలతలు తీసుకుంటున్నాడు.

మొదటి దెబ్బ వెనకనుంచి.
గింజల డబ్బా ఒలికిపోయింది, పెట్టలకి పండగ.
పిక్క మీద రెండు నీలపు మచ్చలు.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను,
చివరి సీటు వీరుల్ని ఎందరినో అద్దంలో చూశాను.
ఒక్కడూ నన్ను తన్నలేదు.

"కత్తి నాది, కుండ నీది" అంది డల్సీ, కంచె మీంచి.
దాణా కొట్టాయన మాత్రం
"వెనక్కి ఒక్క అడుగు వేశావా, ఆ నేల వాడిదే" అన్నాడు.
వేయలేదు.
డబ్బా మూత డాలుగా పట్టుకుని
అరవై ఎనిమిదేళ్ళ నేను, అయిదు నెలల వాడు,
పొగమంచులో ఎదురెదురుగా, ఎవరి ఆవిరి వాళ్ళం వదులుతూ.

తర్వాత ఎవరో చెప్పారు, చంకన పెట్టుకుని తిరగమని.
తిరిగాను. ఒంటిచేత్తో బట్టలారేశాను,
ఒంటిచేత్తో ఉత్తరాలందుకున్నాను;
పోస్టుమాన్ కోడిని చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగలేదు.
నా పక్కటెముకల మీద వాడి గుండె
కుట్టుమిషన్‌లా దడదడలాడేది.
కిందికి దింపగానే ఒళ్ళు దులుపుకుని
అదే బూటుని, అదే చోట.

ఆ గురువారం ఫిన్‌ని తన్నాడు.
కంటికి రెండు వేళ్ళ కింద.
డల్సీ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.
పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను,
చేతులు తుడుచుకుని పెరట్లోకి వచ్చాను.

అప్పుడే మోడు మీద తెల్లగా ఏదో వాలింది.
డేగ.
పెట్టలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.
మాబెల్ గొంతులోంచి నేనెప్పుడూ వినని చప్పుడొకటి,
ఆ వెంటనే పరుగు.
అందరికంటే ముందు వాడే!
తల షెడ్డు కింద, తోక బయట.
ఆ తోకని తొక్కుకుంటూ వెనక పెట్టలు.

మూత ఎత్తి అరిచాను. డేగ నా వంక
బస్సు తప్పిపోయిన మనిషిలా ఒక్క చూపు చూసి
తీరిగ్గా లేచిపోయింది.

చాలాసేపటికి, అందరి తర్వాత, బయటికొచ్చాడు.
కట్టెల దుంగ ఎక్కి, మెడ సాచి
ఆ డేగని తనే తరిమినట్టు కూశాడు.
కూర్చుండిపోయాను తడిగడ్డి మీద,
నవ్వాగలేదు, మోకాళ్ళు తడిసినా ఆగలేదు.

"ఏమైంది?" అంది డల్సీ సాయంత్రం.
"నీళ్ళు మరిగాయి. టీ పెట్టుకున్నాను."
పరుగు సంగతి చెప్పలేదు. వాడి పరువు వాడికుంటుంది.

ఇప్పుడు ఇనపవల దడి ఒకటి కట్టాను, గొళ్ళెం ఎత్తులో,
ఫిన్ చెయ్యి అందనంత.
వాడు శనివారాలొచ్చి దడి ఇవతల నిలబడి
"మాబెల్, నేనేం మర్చిపోలేదు" అని చెప్పిపోతాడు.
చెంప మీద గీత మాసిపోతోంది.

నేను మాత్రం రోజూ లోపలికి వెళ్ళాలి, గింజలతో, మూతతో.
నిన్న తన్నలేదు.
ఇవాళ తన్నాడు.