మూరన్నర గోడ

మొదటిది నల్లది, రెండు కొమ్ములు.
రెండోది తెల్లది, సబ్బుపెట్టెలా ముద్దుగా ఉండేది.
మూడోదానికి ఎనిమిది కాళ్లు.
వెల్లకిలా పడ్డ సాలీడనుకుని
మా పిల్లి వారం రోజులు దాని ముందు కాపలా కాసింది.

పోర్తోలో, నదిలోకి దిగే మెట్ల వీధిలో మా ఇల్లు.
మూరన్నర మందం గ్రానైట్.
కట్టినవాడు ఏ ఫిరంగికి జడిసి కట్టాడో గాని
ఫిరంగీ రాలేదు,
వెనక గదిలోకి ఇంటర్నెట్టూ రాలేదు.

గోడలకు చెవులుంటాయంటారు కదా,
మా గోడకు చెవుడు, అని నవ్వానొకసారి.
వెంటనే నాలిక కరుచుకున్నాను.
చెవుడున్నవాళ్లతోనే నా బతుకు.
వాళ్లెవరూ ఇంత మొండివాళ్లు కారు.

ఆసుపత్రిలో డాక్టరు మాట్లాడుతాడు.
ఆ మాటను ఇక్కడ, వంటింటి వెనక గదిలో కూర్చుని
నేను వేళ్లలోకి దించుతాను.
తెర అవతల ఒకరు నా వేళ్లను వింటారు.
రూటరు ఆగితే
నా గొంతు పట్టేసినట్టే.

దుకాణంలో జెర్వాజియుది ఎప్పుడూ ఒకటే పాట:
"ఇది గోడల్ని దాటుతుందండీ."
ఏ గోడల్ని, అని అడగడం మూడోసారికి గాని నేర్చుకోలేదు.
అట్టపెట్టె మీద బొమ్మలో అసలు గోడలే లేవు.
ఒక కుటుంబం, నాలుగు తెరలు, అందరికీ తెల్లటి పళ్లు.
రసీదుందా అన్నాడు. ఉంది.
పద్నాలుగు రోజులు దాటిపోయాయే అన్నాడు.
దాటాయి మరి.
నా ఇంట్లో గడువులొక్కటే దాటుతాయి.

కంపెనీవాళ్లు ఫోన్లో:
తీసేసి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి.
ఎన్ని ముప్పైలు!
నిద్రలో కూడా నా వేళ్లు ఆ అంకె వేస్తున్నాయి.
పక్కింటి ఒతీలియా అద్దం తీసెయ్యమంది.
తీశాను. గోడ మీద అద్దమంత తెలుపు మిగిలింది.
ఒక గీత పెరిగింది.
సాయంత్రానికి అదీ పోయింది.

ఆ మంగళవారం
తెరలో బెల్మీరు అనే పెద్దాయన,
ద్రాక్షసారా పీపాలు చేసిన చేతులు.
డాక్టరన్నాడు: కణితి ఉంది, చెడ్డది కాదు.
కణితి, అన్నాయి నా చేతులు.
చెడ్డది, అన్నాయి.
"కాదు" ఉండేది చేతుల్లో కాదు, తలలో.
అడ్డంగా ఊపాలి.
ఊపబోయే ముందు
పెట్టె మీద దీపం నారింజ రంగుకు తిరిగింది.

నలభై సెకన్లు
ఆయన ముందు నా బొమ్మ నిలిచిపోయింది,
తల నిటారుగా, చేతుల్లో చెడ్డది పట్టుకుని.
ఇక్కడ నేను గ్రానైట్‌కు తల ఊపుతున్నాను,
కాదు, కాదు, కాదు.

తెర తిరిగొచ్చేసరికి ఆయన టోపీ పెట్టేసుకున్నాడు.
చెప్పాను. మళ్లీ చెప్పాను.
డాక్టరు కూడా తల ఊపాడు, పాపం, అలవాటు లేకపోయినా.
బెల్మీరు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని
నెమ్మదిగా చేతులు కదిపాడు:
"ఈ మధ్యలో మా తమ్ముణ్ని క్షమించేశానే!
ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా?"

నా చిరునామా ఎవరిచ్చారో, ఆ శనివారమే దిగాడు,
భుజాన ఇంత పొడుగు డ్రిల్లు.
పీపాకు చిల్లు పెట్టినవాడికి గోడో లెక్కా అన్నాడు.
మధ్యాహ్నమంతా రాయి అరిచింది.
వీధి వీధంతా కిటికీల్లోకొచ్చి తిట్టింది.
నిశ్చింతగా ఉన్నది ఆయనొక్కడే.
చీకటి పడేవేళకు చిటికెనవేలంత దారి.
అందులోంచి ఒక తీగ.
ఇంతేనా, అనిపించింది.
తమ్ముడి సంగతి నేనడగలేదు,
ఆయన చెప్పలేదు.

మూడు పెట్టెలూ అటక మీదున్నాయి.
పిల్లి ఇప్పుడు ఆ చిల్లుకు కాపలా.
తీగ ఇంతవరకు ఆగలేదు.
అయినా
"కాదు" చెప్పాల్సి వచ్చినప్పుడల్లా
వ్యాకరణం ఒప్పుకోకపోయినా సరే,
ముందు తల ఊపి,
ఆ తర్వాతే
చెడ్డ మాటకు చేతులెత్తుతున్నాను.