కడబంతి

ఫోర్ట్ వేన్‌లో జనవరి. పార్కింగ్ స్థలంలో మంచు
ఉప్పు తిని నల్లబడింది.
నా గదికి కిటికీ లేదు, రెండు తెరలున్నాయి.
జరిగిపోయిన ఆటను ముక్కలుగా కోయడం నా పని.

మబ్రీకి పందొమ్మిదేళ్ళు. ఆరడుగుల పదకొండంగుళాలు.
వచ్చిన కొత్తలో బంతి అందగానే
వానలో చంటిపిల్లను దాచుకున్నట్టు
పొట్ట దగ్గరికి దింపుకునేవాడు.
అక్కడే, సరిగ్గా అక్కడే
పొట్టివాళ్ళ చేతులుంటాయి.
నవంబరంతా నా ముక్కల్లో అదే:
ఇద్దరు మీద పడతారు, అతను నేల చూస్తాడు,
బంతి ఎవరిదో అయిపోతుంది.

కోచ్ రొండా కిజర్ అరిచేది కాదు.
అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్ళకూ పట్టీలు.
చీపురుకర్ర అతని గడ్డం కింద అడ్డం పెట్టి
"బంతి దీనికి దిగువకు రాకూడదు" అనేది.
ఒకరోజు అసలు బంతే ఇవ్వలేదు.
ఖాళీ చేతులతో గంటసేపు తిప్పి, కళ్ళు మూయించి,
ఎవరెక్కడున్నారో చెప్పమంది.
"కార్నర్‌లో వ్యాట్" అన్నాడు.
"వ్యాట్ నీళ్ళు తాగడానికి వెళ్ళి
చాలాసేపైంది నాయనా."

పొడుగువాడికి పైనుంచి అంతా కనబడుతుందనుకుంటాం.
కనబడుతుంది.
కళ్ళలోంచి చేతుల్లోకి దిగడానికే
ఒక చలికాలం పడుతుంది.

డిసెంబరులో ఒక రాత్రి బస్సు, బయట ఇండియానా చీకటి.
నా ఒళ్ళో తెర మీదికి వంగి అడిగాడు:
"ఇది మంచి పాసే కదా, నా లెక్కలో ఎందుకు లేదు?"
అవతలివాడి షాటు రింగుకు తగిలి బయటపడింది కనుక.
బుట్టలో పడితేనే అసిస్టు,
పడకపోతే నువ్వు ఇవ్వనట్టే.
పచ్చ అట్ట నోటుబుక్కు తీసి చూపించాను,
టీమ్‌లో ఎవరికీ తెలియనిది.
అందులో నేను గీసుకున్న గడి:
సరైనవి, ఫలించనివి.
ఆ రాత్రికి అతనివి పదకొండు.

మా భాషలో ఒక సామెతుంది అన్నాను.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిని కూర్చున్నా ఒకటే.
బంతంటే ఇదీ, భోజనాల వరుసా, రెండూ.
ఇంగ్లీషులోకి తేబోతే సగం దారిలో ఒలికిపోయింది.
అతను కాసేపు ఊరుకుని
"అంటే, కార్నర్‌లో వాడు ఆకలితో ఉంటాడు" అన్నాడు.

సంక్రమించిందో, కుదిరిందో, చేతులు తేలికయ్యాయి.
తల ఒకవైపు, బంతి ఇంకోవైపు.
వ్యాట్ బేస్‌లైన్ వెంట పిల్లిలా జారితే
చూడకుండానే దోసిట్లో వేసేవాడు.
రొండా చీపురుకర్రను చీపురికే తగిలించేసింది.

నిన్న పొద్దున వ్యాట్ పదిరోజుల కాంట్రాక్టు అయిపోయింది.
లాకరు మీద పేరు టేపుతో అంటించింది,
ఒక్క లాగుకి వచ్చేసింది.

రాత్రి, మూడో క్వార్టర్. ఇద్దరు మీద పడ్డారు.
మబ్రీ ఎడమకు చూస్తూ
కుడి భుజం మీంచి బేస్‌లైన్‌కి వదిలాడు.
ఇన్నేళ్ళలో అంత మెత్తటి పాసు నేను కోయలేదు.
అక్కడ ఎవరూ లేరు.
బంతి వెళ్ళి మూడో వరసలో
ఒక పెద్దాయన పాప్‌కార్న్‌లో పడింది.

హాలంతా నవ్వింది. బల్ల దగ్గర
టర్నోవరని రాసుకున్నారు.
నేను పచ్చ అట్ట తెరిచాను.
ఏ గడిలో వెయ్యాలో తెలియక
పెన్ను పట్టుకుని చాలాసేపు ఉన్నాను.

ఇవాళ ఆ ముక్క చూపిద్దామని వెళితే
ప్రాక్టీసు హాల్లో రెండు దీపాలే వెలుగుతున్నాయి.
కొత్తగా వచ్చిన కుర్రాడు, సంచి ఇంకా భుజాన్నే ఉంది.
మబ్రీ బేస్‌లైన్ మీద ఒకచోట
బూటు మడమతో నేలను తడుతున్నాడు.

"ఇక్కడ.
నేను అటు చూస్తున్నప్పుడు నువ్విక్కడ.
నా వైపు చూడకు.
చేతులు తెరిచి ఉంచు, చాలు."