పొద్దున్నే దానికి తేదీ చెప్పాలి

షట్టరెత్తగానే అగరొత్తి కంటే ముందు
దాన్ని లేపాలి.
గుర్రుమని, దగ్గి, కాసేపు ఆలోచించి
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో
రోజూ అదే మాట:
ఇవాళ రెండువేల రెండు, జనవరి ఒకటి.
కాదులేమ్మా అని ఎఫ్ వన్ నొక్కి
తేదీ, నెల, ఏడాది, గంట
ఒక్కోటీ చెప్తా.
లోపలి బిళ్ల బ్యాటరీ రెండుసార్లు మార్చాం.
రెండూ తాగేసింది.

కందుకూరు బస్టాండు ఎదురు సందులో
మాలకొండయ్య డి.టి.పి. అంటే ఇదే.
బోర్డు మీద పేరు మా మామది.
కుర్చీలో ఉండేది నేను, చెంచులక్ష్మి.

సైడు రేకు ఊడదీసి
కడుపులోకి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టుండా.
మే నెల వడగాలికి మనుషులే హ్యాంగవుతారు, ఇదెంత.
మొరాయించిన రోజు ర్యామ్ పీకి
మా పిల్లోడి పెన్సిలు రబ్బరుతో
దాని బంగారు పళ్లు తోమి మళ్లీ గుచ్చుతా.
ఇంటర్నెట్ తీగ దగ్గరికి రానివ్వను.
బయటి గాలి సోకితే బతకదు,
పచ్చి బాలింత మాదిరి.
వెనకాల పోర్టుకి తాయెత్తులా ఒక తాళం ముక్క.
అదూడితే ఒక్క తెలుగక్షరం పలకదు.

సర్వీసుకొచ్చే షఫీ, ఒంగోలు పిల్లోడు,
"కంపెనీవోళ్లే దీన్నొదిలేశారు,
నువ్వెందుకక్కా పట్టుకోనుండావ్?" అంటాడు.
వాడు తెచ్చిన కొత్తది పక్కనే ఉంది,
సన్నగా, చప్పుడు లేకుండా.
ఆధార్లు, కరెంటు బిల్లులు దాని పని.
ఒకసారి పాత శుభలేఖ అందులో తెరిచాం.
వినాయకుడి కింద పేర్లుండాల్సిన చోట
డాలర్లు, ప్రశ్నార్థకాలు, తలకిందుల గుర్తులు,
చీమల పుట్టలో నీళ్లు పోసినట్టు.
షఫీ తల గోక్కున్నాడు:
"అక్షరాలన్నీ ఉండాయక్కా,
వాటికి వాటి మొహాలే గుర్తులేవు."

నిన్న మధ్యాహ్నం
గుడ్లూరు నుంచి ఒకామె వచ్చింది.
ప్లాస్టిక్ కవరు, కవర్లో కాగితాలు,
కాగితాల మీద సీళ్లు.
"మా పెళ్లి పత్రిక ఇక్కడే కొట్టించాం పాపా.
ఇంట్లో ఉండేదాన్ని చెదలు తినేసినాయి.
ఆయన పెళ్లానివే అనేదానికి రుజువేందంటుండారు
పింఛనాఫీసులో."

ఏ సంవత్సరమమ్మా?
మా పొగాకు బ్యారనీ కాలిపోయిన మరుసటేడు, అంది.

ఫైళ్లకు మామ పెట్టిన పేర్లు:
పెళ్లి, పెళ్లిరెండు, పెళ్లికొత్త, పెళ్లికొత్తకొత్త.
తేదీలు చూద్దామా, అన్నీ జనవరి ఒకటే.
ఎప్పుడో డిస్కు మార్చినప్పుడు
దానికి ఏడాది చెప్పడం మర్చిపోయుంటాం.
ఒక్కోటీ తెరుచుకునేసరికి అర గ్లాసు టీ.
తొమ్మిది జంటలు పోయినాక
స్వస్తిశ్రీ చాంద్రమాన వ్యయ నామ సంవత్సర...
ఫైలుకు లేదు గానీ పత్రికకు ఉంది ఏడాది.
చి.ల.సౌ. అంకమ్మ. చి. రవణయ్య.
ఆమెకు చదువు రాదు.
కింద మేనమామల పేర్లు చదివి వినిపిస్తే
ఒక్కో పేరుకీ తలూపింది.
ఒకరి దగ్గర మాత్రం ఊపలేదు.

ఆధార్లో రమణయ్య. ఇక్కడ రవణయ్య.
"మామ తప్పు కొట్టాడమ్మా, దిద్దమంటావా?"
ఒక్క అక్షరం. ఒక్క మీట.
ఆమె కాసేపు ఫ్యాను వంక చూసింది.
"నేను పిలిచింది అట్టాగే గదా."
ఆ తర్వాత,
"నాకేం తెల్సు పాపా, పనయ్యేటట్టు చెయ్యి" అని కూడా అంది.

రెండూ తీసిచ్చా, వ తోటి ఒకటి, మ తోటి ఒకటి.
ఆఫీసులో ఏది చూపిస్తుందో అడగలేదు.
డబ్బులొద్దంటే
కీబోర్డు పక్కన ఐదు నిమ్మకాయలు పెట్టిపోయింది.

రాత్రి ఆపబోతుంటే
మార్పులు దాచమంటావా అని అడిగింది.
వద్దన్నా.

రేపు మంగళవారం. పదిహేడు.
గుర్తు పెట్టుకోవాలి.