బర్మా క్యాంపు సద్ది

ఇరవై ఎనిమిదో తారీఖు.
సిలిండర్‌ని పట్టుకుని ఊపి చూశాను,
ఇంకో రెండు రోజులు వస్తుందిలే అనిపించింది.
ఫ్రిజ్‌లో సగం క్యాబేజీ, అంచులు నల్లబడి.
గిన్నెడు నిన్నటి అన్నం, ముద్ద కట్టి.
బీచ్ రోడ్డులో మోమోల ప్లేటు ఎనభై అని
లిఖిత పొద్దున్నే చెప్పి వెళ్ళింది.
అడగలేదు.
ధర మాత్రం చెప్పింది.

గోడవతల నూకరత్నమ్మ గారు
కవ్వళ్ళు తోముతూ తలెత్తింది.
"సెనగపిండి ఉందేటమ్మా?"
ఉంది.
"పసుపు?"
ఉంది.
"మరింకేటి కావాలి?"

గ్లాసు పిండికి మూడు గ్లాసుల నీళ్ళు,
ఉండ లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పమంది.
"సెయ్యి నొప్పెడితే సెయ్యి మార్సు. ఆపకు."
మర్రిపాలెం వైపు గూడ్సు బండి పోతోంది.
పెట్టెలు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది.
అప్పటికీ పిండి ఇంకా పల్చగా
గరిటె వెనకాలే తిరుగుతోంది.
గరిటె లేపితే వెంటనే జారకూడదట,
పడాలా వద్దా అని కాసేపు ఆలోచించాలట.

పళ్ళానికి నూనె రాసి ఒంపాను.
ముట్టుకోవద్దంది, మూత తీసి చూడొద్దంది.
నేను మూడుసార్లు చూశాను.

ఆరేళ్ళప్పుడు ఓడ దిగిందావిడ.
రంగూన్ ఎలా ఉండేదని అడిగితే
వాళ్ళమ్మ ఇత్తడి దబరా సంగతి చెబుతుంది.
సొట్ట పడింది కాబట్టి
దాన్ని ఎవరూ లాక్కోలేదట.
భాష గుర్తుందా అంటే నవ్వుతుంది.
ఒక్క మాట మిగిలిందట:
థమిన్ సా పీబీలా.
అన్నం తిన్నావా, అని.
ఈ వీధిలో ఆ మాటకి జవాబు చెప్పేవాళ్ళు లేక
రోజూ కోళ్ళని అడుగుతుంది.

ఆరింటికి వానతో పాటు తలుపు తోసుకొచ్చింది లిఖిత,
వెనక ఇంకో ముగ్గురు,
నీళ్ళోడుతున్న ట్యూషన్ బ్యాగులు.
ముగ్గురని నాకెవరూ చెప్పలేదు.

పళ్ళెం బోర్లించాను. ఊడలేదు.
వెనక తట్టాను.
సగం వచ్చింది, సగం పళ్ళాన్ని పట్టుకుని వేలాడింది,
వచ్చిన సగమూ గట్టు మీద నాలుగు చెక్కలైంది.
నూకరత్నమ్మ గోడ మీంచి ఒక్క చూపు చూసి
"తిప్పడం ఆపేసేవు," అంది.
ఆపాను. ఒక్కసారే.
జాకెట్టుకి హుక్సులు ముందా వెనకా అని
ఎవరో ఫోన్ చేశారు.

గీకాల్సిందంతా గీకాను.
అందులోకి నిన్నటి అన్నం, క్యాబేజీ తరుగు,
రెండు పచ్చిమిరపకాయలు, చారెడు బియ్యప్పిండి.
గుప్పిట్లో పట్టినంత పట్టి, ఏ ఆకారం వస్తే ఆ ఆకారంలో
నూనెలోకి వదిలాను.
చింతపండు పులుసులో దంచిన వెల్లుల్లి,
కాస్త బెల్లం, కళ్ళు చెమర్చేంత కారం.
అన్నం మెతుకులు బయటికి పొడుచుకొచ్చి
ఎర్రగా వేగి, ఒక్కోటీ ఒక్కో ముళ్ళపంది పిల్ల.

"ఏంటాంటీ ఇది?" అంది కళ్ళద్దాల పిల్ల.
టోఫూ అన్నాను, కొంచెం ధైర్యం చేసి.
"టోఫూ సోయాతో కదా?"
గోడవతల నుంచి వచ్చింది జవాబు:
"మాది సెనగపిండితోటే. మాకు సోయా ఎవులిచ్చారు?"

రెండో వాయి పళ్ళెంలోకి చేరనే లేదు,
చిల్లుల గరిటె మీదే అయిపోయింది.
లిఖిత వేళ్ళు నాకి
ఈసారి ధర ఏమీ చెప్పలేదు.

గోడ మీంచి గిన్నె అందించాను.
ఆవిడ ఒకటి కొరికి చాలాసేపు నమిలింది.
"మాయమ్మది ఇలాగుండేది కాదు," అంది.
తర్వాత, "ఇంకో రెండెయ్యి."

వాన తెరిపిచ్చాక పిల్లలు వెళ్ళిపోతూ
నేర్చుకున్న ఆ ఒక్క మాటనీ
వంకర టింకరగా అరుచుకుంటూ పోయారు:
పాలబూత్ దగ్గరి కుక్కని, ఆటో అతన్ని,
చివరికి వెనక్కి తిరిగి ఆవిడని.

కోళ్ళగంప మూస్తున్నదల్లా ఆగింది.
"తిన్నానర్రా, తిన్నాను,"
తెలుగులోనే చెప్పింది.

నా పళ్ళెం ఇంకా నానుతూనే ఉంది.