రెండు గులాబీల దూరం

నైవాషా సరస్సు ఒడ్డున, ప్లాస్టిక్ పందిళ్ల కింద
పదకొండేళ్లు పూలు కొలిచాను.
నలభై, యాభై, అరవై సెంటీమీటర్లు.
బల్ల మీద గీతలు అరిగిపోయాయి గానీ
నా కంట్లోవి అరగలేదు.
ఎవరైనా చెయ్యి చాపితే ఇప్పటికీ
ముందు పొడవు చూస్తాను, తర్వాతే మనిషిని.

మార్చిలో ఒక మంగళవారం
మేస్త్రీ చెరుయోట్ వచ్చి టోపీ తీశాడు.
ఆయనకు బట్టతల అని ఆ రోజే తెలిసింది,
వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు కూడా.
"హాలండులో వేలం ఆగిపోయింది, విమానాల్లేవు" అన్నాడు.
హాలండంటే మాకు
అట్టపెట్టె మీద అంటించే చీటీ.
ఆ చీటీ ఊళ్లో ఎవరో దగ్గితే
మా పొయ్యిలో పిల్లి లేవదని
మాకెవరు చెప్పారు?

మొక్కకి వార్తలు తెలియవు కదా,
పూస్తూనే ఉంది.
కోయకపోతే చెట్టు చెడుతుందని
సగం కూలికి మమ్మల్నే పిలిచారు,
కోసి, షెడ్డు వెనక గోతిలో పోయడానికి.
అలవాటు కొద్దీ గోతి అంచున కూడా
అరవైల్ని అరవైల్లోనే వేశాను.
మసాయి కుర్రాళ్లు మేకల్ని తోలుకొచ్చారు.
రెండు రోజులు మూతులెర్రగా మేశాయి,
మూడో రోజు అవీ మొహం తిప్పుకున్నాయి.

షావుకారు ఖాతా పుస్తకం మూశాడు.
ఫోనులో తీసుకున్న అప్పు
రోజూ కోడికన్నా ముందే కూసేది.
మా పెద్దాడి బడి రేడియోలోకి వెళ్లిపోయింది,
రేడియోలో బ్యాటరీ లేదు.

గోడ అవతలి గదిలో నెకెసా, జిల్లా ఆసుపత్రి నర్సు.
వారమంతా ఒక్కటే మాస్కు,
రొట్టెల సంచిలో దాచుకుని మళ్లీ మళ్లీ.
నాలుగు మంచాలకి ఒక్క సిలిండరట,
ఎవరి వంతు ఎప్పుడో పలక మీద సుద్దతో రాసేదట.
చెరిపేటప్పుడే చెయ్యి రాదు, అంది ఒకసారి.
పదహారు గదులకు ఒకటే కుళాయి మాది.
ఆమె నీళ్లకొస్తే బకెట్లు వాటంతటవే జరిగేవి.
వాటంతటవే అంటున్నాను.
నాది నేనే జరిపాను.

మే నెలలో ఒక రాత్రి, కర్ఫ్యూలో
మా చెల్లెలు మొరాకి నొప్పులొచ్చాయి.
ఆ ఏడు సరస్సు పొంగి నీటిగుర్రాలు రోడ్డెక్కాయి,
వాటికి కర్ఫ్యూ లేదు.
బైకు కుర్రాడు లాఠీకి భయపడ్డాడు,
మొరా ఆసుపత్రికే భయపడింది,
అక్కడికెళ్తే కడుపులో బిడ్డకీ అంటుతుందని
ఎవరో చెప్పారట.
గోడ మీద కొట్టాను.
రెండో దెబ్బ అవసరం రాలేదు.
మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కూర్చుంది నెకెసా,
తెల్లారే దాకా.
ఆడపిల్ల.
పొడవు యాభై అన్నాను చూసి.
తను తాడుతో కొలిచి, నలభై తొమ్మిది, అంది.

జూన్‌లో, సిలిండర్ల బండి తోసే ముసలి ఒదొంగో పోయాడు.
ఎన్నేళ్లు తోశాడో,
తనకు కావలసిన రోజు బండి ఖాళీ.
సొంతవాళ్లు కిసుము అవతల, దారులు మూసేశారు.
పదిహేనుమందికి అనుమతి, మేం ఏడుగురం.
మనిషికీ మనిషికీ మీటరుండాలన్నాడు అధికారి,
టేపు తేలేదు.
నన్నడిగారు. మీటరంటే రెండు యాభైలు.
కంటితో కొలిచి ఒక్కొక్కరినే నిలబెట్టాను.
గోతినిండా గులాబీలు కుళ్లుతున్న ఊళ్లో
ఆయన మీద ఒక్క పువ్వు పడలేదు.
ఎవరికీ తోచనే లేదు.
పూలంటే, పంపించేవి కదా.

ఆగస్టులో ముగ్గురికొకరి చొప్పున పనికి పిలిచారు.
నన్ను పిలిచారు. చెరుయోట్‌ని పిలవలేదు.
ఆ సాయంత్రం కుళాయి దగ్గర
నెకెసా బకెట్ పక్కనే నాది పెట్టాను.
ఆమె చూసింది. తనది కొంచెం జరిపింది,
నాకు చోటివ్వడానికో, మరెందుకో.
అది ఎన్ని సెంటీమీటర్లో
నా కంటికి అందలేదు.